ఎఫ్‌.ఎం. సింథసైజర్‌పై నాదరచన: అభిరుచితో నేర్చుకొనేవారి అభ్యాసక్రమం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పౌనఃపున్య మాడ్యులేషన్ సూత్రంపై పనిచేసే సింథసైజర్లను వాడుకలో ఎఫ్‌.ఎం. సింథసైజర్లు అంటారు. 1983లో వెలువడిన యమహా డి.ఎక్స్‌. 7తో ఈ వాద్యాలు లోకమంతటా ప్రచారం పొందాయి. వాటిలో ముందే పొందుపరిచిన నాదాలను వాయించినవారు అసంఖ్యాకులు. కొత్త నాదాలను సొంతంగా రూపొందించినవారు కొద్దిమంది. ఈ పద్ధతి గణితజ్ఞులకే సాధ్యమనే అభిప్రాయం అందుకు ఒక కారణం. ఆ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎఫ్‌.ఎం. నాదరచన నిష్పత్తి, సూచిక, కాలం అనే మూడు అంశాలపై ఆధారపడి ఉందని, ఆ మూడింటినీ రెండు ఆపరేటర్లతోనే వినికిడి ద్వారా గ్రహించవచ్చని ఇది నిరూపించే ప్రయత్నం చేస్తుంది. వృత్తి కోసం కాక అభిరుచితో నేర్చుకొనేవారికి తగిన అభ్యాసక్రమాన్ని సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: ఎఫ్‌.ఎం. సింథసిస్, నాదగుణం, ఆపరేటర్, మాడ్యులేషన్ సూచిక, జాన్ చౌనింగ్, డి.ఎక్స్‌. 7, వినికిడి అభ్యాసం.

1. ఉపోద్ఘాతం

ఒకే షడ్జాన్ని వీణపై మీటినా, వేణువుపై ఊదినా శ్రుతి ఒక్కటే. అయినా ఏది వీణానాదమో, ఏది వేణునాదమో చెవి తక్షణం గుర్తిస్తుంది. ఈ భేదానికి కారణమైన లక్షణమే నాదగుణం. సంప్రదాయ వాద్యాలలో నాదగుణాన్ని పనసకర్ర, వెదురు, తీగ, చర్మం వంటి పదార్థాలు, వాటిని మలచిన శిల్పి నైపుణ్యం నిర్ణయిస్తాయి. వాద్యం చేతికి వచ్చేసరికే దాని నాదగుణం చాలావరకు స్థిరపడి ఉంటుంది. సింథసైజర్ విషయంలో అలా కాదు. అక్కడ నాదగుణం సంఖ్యల రూపంలో ఉంటుంది. వాటిని మార్చే అధికారం వాదకుడికే ఉంటుంది. అంటే వాదకుడు కోరుకుంటే వాద్యశిల్పి కూడా కాగలడు.

ఈ అవకాశాన్ని వినియోగించుకోవడంలోనే అభిరుచితో నేర్చుకొనేవారు ఇబ్బంది పడతారు. ఉద్యోగం ముగిశాక రాత్రి ఒక గంటసేపు వాద్యం ముందు కూర్చునే వ్యక్తికి గురువు ఉండడు. నిర్ణీత పాఠ్యప్రణాళిక ఉండదు. ఏదో ఒక సంఖ్యను కదిపితే కొన్నిసార్లు నాదం కర్ణకఠోరమవుతుంది, కొన్నిసార్లు మాయమవుతుంది, మరికొన్నిసార్లు మార్పే వినిపించదు. ఇలా కొన్ని వారాలు గడిచాక చాలామంది తిరిగి సిద్ధంగా ఉన్న నాదాలనే ఆశ్రయిస్తారు. ఇది వారి అసమర్థత వల్ల జరుగుతున్నదా, నేర్చుకొనే క్రమంలోని లోపం వల్ల జరుగుతున్నదా అన్నది ఇక్కడ విచారించవలసిన ప్రశ్న.

ఇక్కడ ఒక స్పష్టీకరణ అవసరం. ఎఫ్‌.ఎం. అనగానే రేడియో గుర్తుకు రావడం సహజం. రెండింటి సూత్రం ఒకటే. రేడియోలో వాహక తరంగం కోట్ల హెర్ట్జ్‌లలో ఉంటుంది, అది చెవికి వినిపించదు; అది మోసుకువచ్చిన సంకేతాన్ని విడదీసిన తరువాతనే శ్రోత వింటాడు. సింథసైజర్‌లో వాహకం, దానిని మార్చే తరంగం సాధారణంగా రెండూ వినికిడి పరిధిలోనే ఉంటాయి. వాటి కలయిక వల్ల పుట్టినదే నాదం.

2. సూత్రావిర్భావం

ఈ పద్ధతిని కనుగొన్నది ఇంజనీరు కాదు, స్వరకర్త. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కంప్యూటర్‌పై వైబ్రాటోతో ప్రయోగాలు చేస్తున్నారు. స్వరాన్ని దాని స్థానానికి అటూ ఇటూ లయబద్ధంగా ఊపడమే వైబ్రాటో. కర్ణాటక సంగీతంలోని కంపిత గమకం దీనికి దగ్గరి పోలిక. ఊపు సెకనుకు కొన్నిసార్లు మాత్రమే జరిగినంతకాలం చెవి ఆ కదలికను అనుసరించగలదు. చౌనింగ్ ఊపు వేగాన్ని, లోతును పెంచుతూ పోయారు. ఒక హద్దు దాటాక ఊపు ఊపుగా వినిపించడం మాని, కొత్త నాదగుణంగా వినిపించింది. సరళమైన రెండు తరంగాల నుంచి సంక్లిష్టమైన నాదం పుట్టింది. అది ముందుగా చెవికి తెలిసింది. గణిత వివరణ ఆ తరువాత సమకూరింది.

1971 ప్రాంతంలో మరో మలుపు వచ్చింది. ట్రంపెట్ స్వరం బిగ్గరగా మారేకొద్దీ అందులోని పైస్థాయి అనుస్వరాలు కూడా పెరుగుతాయని ఝాన్ క్లోద్ రిస్సే బెల్ ప్రయోగశాలలలో చేసిన విశ్లేషణ తెలిపింది. ఎఫ్‌.ఎం.లో ఒకే ఒక్క విలువను కాలంతోపాటు మార్చడం ద్వారా అదే ప్రవర్తనను సాధించవచ్చని చౌనింగ్ గ్రహించారు. ఈ పద్ధతిని వివరించే ఆయన పరిశోధన పత్రం 1973లో వెలువడింది. 1977లో పేటెంట్ మంజూరైంది. అదే సంవత్సరం ఆయన స్వర్ణ నిష్పత్తిని, అంటే సుమారు 1.618ని, ఆధారంగా చేసుకొని 'స్ట్రియా' అనే ఎఫ్‌.ఎం. కృతిని రచించారు. ఈ పద్ధతిపై హక్కులు పొందిన యమహా సంస్థ 1983లో డి.ఎక్స్‌. 7ను విడుదల చేసింది. ఆ వాద్యం లక్షకు పైగా అమ్ముడైంది.

3. సూత్రస్వరూపం

ఎఫ్‌.ఎం. నాదానికి కనీసం రెండు సైన్ తరంగాలు అవసరం. వినిపించేది వాహకం, వాహకపు పౌనఃపున్యాన్ని ఊపేది మాడ్యులేటర్. తరంగాన్ని పుట్టించే ప్రతి విభాగాన్ని, దాని తీవ్రతను కాలానుగుణంగా నియంత్రించే ఎన్వలప్‌తో సహా, యమహా వాద్యాలలో ఆపరేటర్ అంటారు. సాంకేతికంగా ఆ వాద్యాలలో జరిగేది దశను మార్చడం; నేర్చుకొనేవారి చెవికి సంబంధించినంతవరకు ఈ భేదాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. ఈ రెండు ఆపరేటర్ల సంబంధాన్ని మూడు ప్రశ్నలుగా విభజించుకోవచ్చు: కొత్త పౌనఃపున్యాలు ఎక్కడ పుడతాయి? ఎంత బలంగా పుడతాయి? ఎప్పుడు పుట్టి, ఎప్పుడు అణగిపోతాయి?

3.1 నిష్పత్తి: 'ఎక్కడ' అనే ప్రశ్నకు సమాధానం

వాహకానికి పైనా కిందా, మాడ్యులేటర్ పౌనఃపున్యమంత ఎడంతో వరుసగా పార్శ్వ పౌనఃపున్యాలు పుడతాయి. సున్నా కన్నా కిందికి పోయినవి దర్పణంలో ప్రతిఫలించినట్లు తిరిగి పైకి వస్తాయి. వాహకం 200 హెర్ట్జ్, మాడ్యులేటర్ కూడా 200 హెర్ట్జ్ అయితే 200, 400, 600, 800 ఇలా అన్ని అనుస్వరాలూ వస్తాయి. నిండుగా, ఇత్తడి వాద్యాన్ని తలపించే నాదానికి ఇది పునాది. మాడ్యులేటర్‌ను 400కు మారిస్తే 200, 600, 1000 ఇలా బేసి అనుస్వరాలు మాత్రమే మిగులుతాయి. నాదం బోలుగా, క్లారినెట్ కోవలో వినిపిస్తుంది.

మాడ్యులేటర్‌ను 280కి మారిస్తే 80, 200, 360, 480, 640, 760 వంటి పౌనఃపున్యాలు వస్తాయి. లెక్కకు ఇవన్నీ 40కి గుణిజాలే. అయితే 40, 120, 160 స్థానాలలో ఏమీ లేదు. అందువల్ల చెవి వీటిని ఒకే శ్రుతిగా కూర్చుకోలేదు. గంట మోగినట్లు భావిస్తుంది. చౌనింగ్ 1973 నాటి పత్రంలో గంటనాదానికి ఇచ్చిన ఉదాహరణ ఈ 200, 280 జంటయే.

3.2 సూచిక: 'ఎంత' అనే ప్రశ్నకు సమాధానం

మాడ్యులేటర్ వాహకాన్ని ఎంత లోతుగా ఊపుతున్నదో తెలిపే విలువ మాడ్యులేషన్ సూచిక. సూచిక సున్నా అయితే శుద్ధమైన సైన్ తరంగమే వినిపిస్తుంది. సూచిక పెరిగేకొద్దీ పార్శ్వ పౌనఃపున్యాలు దూరదూరంగా వ్యాపిస్తాయి. స్థూలంగా సూచికకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్య, చెప్పుకోదగిన బలమున్న పార్శ్వ జంటల సంఖ్యను సూచిస్తుంది.

అభ్యాసకులు తికమకపడేది ఇక్కడే. సూచిక పెరుగుతున్నప్పుడు ప్రతి పౌనఃపున్యమూ నిరంతరం బలపడదు. బెసెల్ ప్రమేయాలను అనుసరించి ఒకటి పెరుగుతుంటే మరొకటి తరుగుతుంది. ఉదాహరణకు సూచిక సుమారు 2.4 వద్ద, ప్రతిఫలించిన పౌనఃపున్యాలు వచ్చి కలవని పక్షంలో, వాహక పౌనఃపున్యమే అదృశ్యమవుతుంది. కనుకనే మీటను పైకి జరిపినప్పుడు నాదం క్రమంగా ప్రకాశించడంతోపాటు మెలికలు తిరుగుతున్నట్లు తోస్తుంది. ఇది యంత్రదోషమూ కాదు, వినేవారి పొరపాటూ కాదు. ఈ పద్ధతి స్వభావం.

3.3 కాలం: 'ఎప్పుడు' అనే ప్రశ్నకు సమాధానం

వాహకపు ఎన్వలప్ నాదం బిగ్గరతనాన్ని శాసిస్తుంది. మాడ్యులేటర్ ఎన్వలప్ నాదగుణాన్ని శాసిస్తుంది. ఈ ఒక్క వాక్యం సరిగా అర్థమైతే సగం చదువు పూర్తయినట్లే. రెండు ఎన్వలప్‌లూ కలిసి లేచి కలిసి తగ్గితే, బిగ్గరైనకొద్దీ ప్రకాశించే ఇత్తడి వాద్య లక్షణం వస్తుంది. మాడ్యులేటర్ త్వరగా అణగి, వాహకం నెమ్మదిగా అణగితే మీటిన తీగ, మోగిన లోహం వంటివి స్ఫురిస్తాయి. నిష్పత్తి, గరిష్ఠ సూచిక మారకపోయినా, కాలం మారినంత మాత్రాన వాద్యమే మారినట్లు వినిపిస్తుంది.

4. డి.ఎక్స్‌. 7: శక్తి, మరుగు

డి.ఎక్స్‌. 7లో ఒక్కో స్వరానికి 6 ఆపరేటర్లు ఉంటాయి. ఏది ఏ ఆపరేటర్‌ను ఊపాలో తెలిపే అమరికను అల్గారిథమ్ అంటారు, అవి 32. ఒక నాదాన్ని పూర్తిగా నిర్వచించడానికి 145 విలువలు కావాలి. వీటన్నిటినీ మార్చడానికి వాద్యంపై ఉన్నది కొన్ని మీటలు, విలువ పెంచి తగ్గించే ఒకే ఒక్క జారుడు మీట, 16 అక్షరాల చొప్పున 2 వరుసలు చూపే చిన్న తెర. ఒకసారికి ఒక విలువ మాత్రమే కనిపిస్తుంది. మిగిలిన 144 మరుగున ఉంటాయి.

అంతకుముందున్న అనలాగ్ సింథసైజర్లలో ప్రతి పనికీ ఒక గుండ్రని మీట ఉండేది. ఫిల్టర్ మీటను తిప్పితే నాదం మొద్దుబారడమో, పదునెక్కడమో వెంటనే వినిపించేది. చేతికీ చెవికీ మధ్య ఆ సంబంధం డి.ఎక్స్‌. 7లో తెగిపోయింది. కాబట్టి ఎఫ్‌.ఎం. కష్టమన్న ఖ్యాతిలో కొంత భాగం సూత్రానిది, మరికొంత భాగం వాద్యపు ముఖపలకది. బ్రయన్ ఈనో వంటి కొందరు సంగీతకారులు సహనంతో ఈ వాద్యంలోని విలువలను తామే సవరించుకొని తమదైన నాదాలను రూపొందించుకున్నారు. ఎక్కువమంది మాత్రం ప్రీసెట్‌లతో సరిపెట్టుకున్నారు. ఫలితంగా 1980ల నాటి పాశ్చాత్య జనరంజక గీతాలలో ఒకే ఎలక్ట్రిక్ పియానో నాదం పదేపదే వినిపించింది.

ఇందుకు ఎదురుగా నిలిచే నిదర్శనం కంప్యూటర్ చరిత్రలో ఉంది. ఆడ్‌లిబ్ సౌండ్ కార్డులో వాడిన యమహా వై.ఎం. 3812 చిప్‌లో ఒక్కో స్వరానికి రెండే ఆపరేటర్లు. ఆనాటి ఎన్నో కంప్యూటర్ క్రీడలకు సంగీతం ఆ రెండింటితోనే సమకూరింది. అభ్యాసానికి ఆరు ఆపరేటర్లు తప్పనిసరి కావని దీనివల్ల స్పష్టమవుతుంది.

5. అభ్యాసక్రమం

నేడు అభిరుచితో నేర్చుకొనేవారికి పాత వాద్యమే కావాలన్న నియమం లేదు. డి.ఎక్స్‌. 7ను అనుకరించే డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆరు ఆపరేటర్ల విలువలూ ఒకే తెరపై కనిపిస్తాయి. 2015లో వచ్చిన రిఫేస్ డి.ఎక్స్‌., 2016లో వచ్చిన వోల్కా ఎఫ్‌.ఎం. వంటి చిన్న వాద్యాలు కూడా ఉన్నాయి. సాధనం ఏదైనా ఈ కింది క్రమం వర్తిస్తుంది.

మొదటి దశ: ఒక వాహకం, ఒక మాడ్యులేటర్ మినహా అన్నింటినీ ఆపివేయాలి. నిష్పత్తి 1:1 ఉంచి, మాడ్యులేటర్ స్థాయిని సున్నా నుంచి నెమ్మదిగా పెంచుతూ వినాలి. డి.ఎక్స్‌. 7లో స్థాయి 0 నుంచి 99 వరకు ఉంటుంది. కాని అది సమానమైన మెట్ల నిచ్చెన కాదు. పైభాగంలో 8 మెట్లు దిగితే సూచిక సుమారు సగమవుతుంది. అందుకే దిగువన ఎంత కదిపినా మార్పు వినిపించదు, ఎగువన కొద్దిగా కదిపినా నాదం బద్దలైనట్లుంటుంది. ఈ విషయం తెలియక మొదటి రోజే విసిగిపోయేవారు ఉంటారు.

రెండవ దశ: మాడ్యులేటర్ స్థాయిని స్థిరంగా ఉంచి, దాని నిష్పత్తిని మాత్రమే 1, 2, 3, 4 అని మార్చుతూ వినాలి. తరువాత 1.40, 2.76, 3.50 వంటి భిన్నాలకు పోవాలి. ప్రతిసారీ మీట కదిపే ముందే ఏమి వినిపించబోతున్నదో పుస్తకంలో ఒక మాట రాసుకోవాలి: బోలుగానా, నిండుగానా, లోహంలాగానా? తరువాత విని సరిచూసుకోవాలి. ఊహ తప్పిన చోటే కొత్త విషయం తెలుస్తుంది. ఊహించకుండా కదిపితే మంచి నాదం దొరికినా, అది ఎందుకు దొరికిందో తెలియదు. మళ్లీ ఆ దారి పట్టుకోవడం సాధ్యం కాదు.

మూడవ దశ: మాడ్యులేటర్ ఎన్వలప్‌ను మాత్రమే మార్చాలి. డి.ఎక్స్‌. 7 ఎన్వలప్‌లో 4 వేగాలు, 4 స్థాయులు ఉంటాయి. వేగం విలువ పెరిగితే మార్పు త్వరగా జరుగుతుంది. దీనిని కాలవ్యవధిగా పొరబడి, నాదం నెమ్మదిగా అణగాలని పెద్ద సంఖ్య ఇచ్చేవారు అనేకులు.

నాలుగవ దశ: వేలి ఒత్తిడికి మాడ్యులేటర్ స్పందించేలా అమర్చాలి. అప్పుడు మెల్లగా మీటితే మృదువుగా, గట్టిగా మీటితే ప్రకాశవంతంగా పలికే వాద్యం తయారవుతుంది. పైస్థాయి స్వరాలలో సూచిక తగ్గేలా చూడాలి. లేకపోతే మంద్రంలో హాయిగా ఉన్న నాదం తారస్థాయిలో కీచుమంటుంది.

ఐదవ దశ: ఈ దశలోనే ప్రీసెట్‌ల వైపు వెళ్లాలి, అదీ వాయించడానికి కాదు, చదవడానికి. తెలుగు పాఠకులకు పద్యాన్ని ప్రతిపదార్థంతో చదవడం పరిచయమే. ప్రీసెట్‌ను కూడా అదే విధంగా చదవవచ్చు. ఒక్కొక్క ఆపరేటర్‌ను ఆపి, ఏది పోయిందో విని, తిరిగి తెరవాలి. ఆరు ఆపరేటర్ల వల్ల కలిగే ఆరు మార్పులను రాసుకొన్నాక అన్వయం దానంతట అదే తెలుస్తుంది.

6. ఒక అన్వయం: గంట నుంచి ఎలక్ట్రిక్ పియానో వరకు

పై క్రమం ఎలా పనిచేస్తుందో రెండు నాదాలతో చూడవచ్చు. గంటకు నిష్పత్తి 1:1.40. వాహకం, మాడ్యులేటర్ రెండూ తక్షణం శిఖరానికి చేరి, తరువాత చాలాసేపు తగ్గుతూ పోవాలి. చౌనింగ్ ఉదాహరణలో సూచిక 10 వద్ద మొదలై క్షీణిస్తుంది. కొట్టిన క్షణాన దట్టమైన లోహధ్వని, అది కరిగేకొద్దీ చివరకు మిగిలే ఒంటరి గుంయిమనే నాదం ఈ క్షీణత వల్లనే కలుగుతాయి. అభ్యాసకులు తొలి ప్రయత్నంలో సూచికను స్థిరంగా వదిలివేస్తారు. ఫలితం గంటలా కాక, ఆగని రొదలా ఉంటుంది. వెంటనే నిష్పత్తి తప్పని భావించి దానిని మారుస్తారు. నిజానికి తప్పు కాలంలో ఉంది. 'ఎక్కడ', 'ఎంత', 'ఎప్పుడు' అనే విభజన ఇటువంటి సందర్భంలో తప్పు ఏ అంశంలో ఉందో పట్టిస్తుంది.

డి.ఎక్స్‌. 7లోని 'ఇ. పియానో 1' అనే ప్రసిద్ధ ప్రీసెట్ 5వ అల్గారిథమ్‌పై నిర్మితమైంది. అందులో రెండేసి ఆపరేటర్ల జంటలు మూడు పక్కపక్కన ఉంటాయి. అంటే ఆరు ఆపరేటర్ల నాదమైనా అభ్యాసకుడికి తెలిసిన జంటలే అందులోనూ ఉన్నాయి. వాటిలో ఒక జంట నిష్పత్తి 1:14. వాహకం 200 హెర్ట్జ్ అయితే మాడ్యులేటర్ 2800. మొదటి పార్శ్వాలు 2600, 3000 వద్ద పుడతాయి. మూలస్వరానికి చాలా ఎత్తున ఉన్న ఈ చిన్న గుంపు సుత్తి లోహపు కడ్డీని తాకిన 'టింగ్' శబ్దాన్ని ఇస్తుంది. అది గట్టిగా మీటినప్పుడు స్పష్టంగా పలికి, త్వరగా అణగిపోతుంది. మిగిలిన జంటలు 1:1 నిష్పత్తితో కింది నిండుతనాన్ని నిలుపుతాయి. ఈ జంట మాడ్యులేటర్ నిష్పత్తిని 14 నుంచి 3.50కి మార్చినా, దాని క్షీణతను పొడిగించినా పియానో వేరొక వాద్యంగా మారుతుంది. ఆ మార్పు చేసిన క్షణం నుంచి అది ఆ అభ్యాసకుడి నాదమే.

7. పరిమితులు

ఎఫ్‌.ఎం. అన్ని నాదాలనూ అనుకరించగలదనుకోవడం సరికాదు. వీణ వంటి వాద్యంలో దండి, కుండ, మెట్లు, తీగల పరస్పర స్పందన కలిసి నాదాన్ని తీర్చుతాయి. రెండు మూడు జంటల ఆపరేటర్లు దాని ఛాయను మాత్రమే ఇవ్వగలవు. గమకం నాదగుణంలో కన్నా శ్రుతి గమనంలో ఉంటుంది కనుక దానిని వాదన నైపుణ్యంతోనే సాధించాలి. లోహం, గాజు, కర్ర వంటి వస్తువులపై దెబ్బ పడినప్పటి ధ్వనులు, ఇత్తడి వాద్య ధ్వనులు, ప్రకృతిలో లేని కొత్త నాదాలు ఈ పద్ధతికి సహజంగా లొంగుతాయి. ఏ నాదానికి ఏ పద్ధతి తగినదో గుర్తించడం కూడా అభ్యాసంలో భాగమే.

8. ముగింపు

ఎఫ్‌.ఎం. నాదరచనకు బెసెల్ ప్రమేయాల లెక్క తెలియడం మేలు. తెలియకపోవడం ఆటంకం కాదు. సూత్రాన్ని కనుగొన్న వ్యక్తికే అది ముందుగా చెవి ద్వారా తెలిసింది. అభ్యాసకులు ఓడిపోవడానికి ప్రధాన కారణం 145 విలువలను ఒకేసారి ఎదుర్కోవడం, విన్న మార్పుకు కారణాన్ని గుర్తించకుండానే తరువాతి మార్పుకు పోవడం. రెండు ఆపరేటర్లకు పరిమితమై, ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చుతూ, వినకముందే ఊహించే అలవాటు చేసుకుంటే ఈ రెండు లోపాలూ తొలగుతాయి.

ప్రీసెట్‌లను వాడడం దోషం కాదు. వాటిలో ఏముందో తెలియకుండా వాటికే పరిమితం కావడం వల్ల వాద్యశిల్పి కాగల అవకాశం చేజారుతుంది. రాత్రివేళ ఒక గంట మాత్రమే దొరికే అభ్యాసకుడికి ఆ గంటలో ఒక నిష్పత్తిని శ్రద్ధగా విని, తన పుస్తకంలో దాని పక్కన తన మాటను రాసుకోవడం చాలు. మరునాడు ఆ పుట తెరిచి, అదే నాదాన్ని తిరిగి పలికించగలిగితే, ఆ సంఖ్య అతనికి అర్థమైనట్లే.